కేబులాన్వేషిణి: ఒక మాససమావేశాహ్వానానికి టీకా తాత్పర్యములు

మూలము

"సాంకేతిక జ్ఞానజ్యోతిని గడపగడపకు చేర్చు మహాసంకల్పముతో అప్రతిహతముగా పురోగమించుచున్న మన కంప్యూటరు వాడుకరుల సంఘము వారి మాస సమావేశము ఈ ఆదివారము సాయంత్రము సరిగ్గా 5 గంటలకు అతిరథ మహారథుల సమక్షమున జరుపబడును. గత సమావేశమున ప్రాజెక్టరు సహకరించనందున కంప్యూటరు ప్రదర్శన మౌఖికముగా నిర్వహింపబడినదని తెలుపుటకు సంతసించుచున్నాము. సైబరు నేరములపై అవగాహన సదస్సు దిగ్విజయము చేయబడినది. సమయానుకూలతను బట్టి సభ్యుల సందేహములకు సమాధానములీయబడును. అనంతరము అల్పాహార విందు కలదు."

అవతారిక

గుంటూరులో మా పేట కంప్యూటరు వాడుకరుల సంఘం నెలనెలా వెలువరించే ఆహ్వానం ఇది. కార్యదర్శిగారు దీన్ని డీటీపీ షాపులో కొట్టించి, ప్రింటు తీయించి, ఆ కాగితాన్ని బల్లమీద పరచి ఫోనుతో ఫొటో తీసి, ఆ ఫొటోను సభ్యులందరికీ వాట్సాపులో పంపుతారు. ఎడమ మూల వారి బొటనవేలు కూడా పడుతుంది. యంత్రంలో పుట్టిన అక్షరాన్ని కాగితం మీదికి దింపి, మళ్లీ యంత్రంలోకే బొమ్మగా ఎక్కించే ఈ ప్రదక్షిణంలో ఏదో పరమార్థం ఉండి తీరాలనీ, శాస్త్రం చదివినవాళ్లు దాన్ని విప్పి చెప్పకపోతే పామర సభ్యులు అపార్థం చేసుకుంటారనీ తోచి ఈ వ్యాఖ్యకు పూనుకోవడమైనది.

కోలాచలం మల్లినాథ సూరి తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని పేర్లు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యకు కేబులాన్వేషిణి అని పేరు. కేబులుకు అన్వేషిణికి సమాసం చేయడం వైరిసమాసం కాదా అంటే, అవును. ప్రాజెక్టరుకు లాప్‌టాపుకు ఉన్నదీ వైరమే కనుక ఔచిత్యం చెడలేదు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకేం, కాళిదాసు దొరికాడు. మాకు దొరికిన మూలంలో ఉన్నదంతా అక్కర్లేనిదే. ప్రతిజ్ఞలో రెండో సగం పాటిస్తే వ్యాఖ్య ఇక్కడితో ముగించి లేవాలి.

"జ్ఞానజ్యోతిని గడపగడపకు చేర్చు": స్పష్టము.

"వాడుకరుల": ఏ శాస్త్రానికైనా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగు అనుబంధాలు ముందుగా తేలాలి. విషయం కంప్యూటరు. ప్రయోజనం ముందుముందు తెలుస్తుంది. సంబంధం లేదు. ఇక అధికారి ఎవరన్నదే చిక్కు. వాడుకరి శబ్దం యౌగికమా రూఢమా అని శంక. యౌగికమంటే వాడేవాడే వాడుకరి కావాలి. అప్పుడు మా అధ్యక్షులవారికి ఈ సంఘంలో సభ్యత్వమే కుదరదు. వారి మెయిలు మనవరాలు తెరుస్తుంది, జవాబు అల్లుడు కొడతాడు, వారు సంతకం పెడతారు, ప్రింటు మీద. కనుక రూఢి బలాన్నే ఒప్పుకోవాలి. పంకజమనే మాట బురదలో పుట్టిన ప్రతిదాన్నీ చెప్పక తామరపువ్వునొక్కదాన్నే చెబుతుంది. అలాగే వాడుకరి అనే మాట వాడే ప్రతివాణ్నీ చెప్పక వేదికమీద కుర్చీ ఉన్నవారినే చెబుతుంది. కింద కూర్చుని నిజంగా వాడుకునేవాళ్లను మూలకారుడు సభ్యులని వేరే మాటతో పిలవడం గమనార్హం.

"సరిగ్గా 5 గంటలకు": ఇందులో సరిగ్గా అన్నది పాదపూరణం. ఛందస్సు చాలనప్పుడు కవులు చ, వై, తు, హి అని వేసుకుంటారు కదా, అలాంటిది. అయిదింటికి వెళ్లినవాళ్లకు కల్యాణమండపం మేడమీద వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లోంచి ఒకటి ఊడబెరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ముఖ్య అతిథి ఆరున్నరకు వస్తారు. దీపప్రజ్వలనం, ప్రార్థన, వేదికమీదికి ఆహ్వానాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఏడుంబావు. హాలు అద్దె ఎనిమిదింటివరకే. ఆ ముప్పావుగంటలో ఉపన్యాసాలు, సందేహాలు, టిఫిను, వందన సమర్పణ, జనగణమన అన్నీ ఇమడాలి. కంప్యూటరు ఎప్పుడు ఆన్ చేస్తారని అడగడం తొందరపాటు.

"అతిరథ మహారథుల": మూలకారుడు ఈ మాటను అలవాటుకొద్దీ వేశాడో, అంతా తెలిసే వేశాడో చెప్పలేం. తెలిసి వేసి ఉంటే మహా గడుసువాడు. ఉద్యోగపర్వంలో యుద్ధానికి ముందు భీష్ముడు కౌరవసేనలో ఎవరు రథులో ఎవరు అతిరథులో లెక్కపెట్టి చెబుతాడు. కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి వీడు అర్ధరథుడు అని తేలుస్తాడు. దాంతో కర్ణుడికి ఒళ్లు మండి, ఈ ముసలాయన పడిపోయేదాకా నేను యుద్ధం చేయను పొమ్మంటాడు. మా సంఘం ఉపాధ్యక్షులవారు నాలుగు సమావేశాలుగా కనబడటం లేదు. ఫ్లెక్సీలో అధ్యక్షులవారి ఫొటో నిలువెత్తున వేసి, వీరిది మూలన తపాలాబిళ్లంత వేశారు. అధ్యక్షులవారు పదవి దిగేదాకా మెట్లెక్కనని వీరి శపథం. సంఘంలో ఎక్సెల్ తెలిసినవారు వీరొక్కరే.

"ప్రాజెక్టరు సహకరించనందున": ఇక్కడ కాసేపు నిలవాలి. మూలంలో క్రియలన్నీ పడు ధాతువును ఊతకర్రగా పట్టుకుని నడుస్తాయి. సమావేశం జరుపబడును. ప్రదర్శన నిర్వహింపబడినది. సదస్సు దిగ్విజయము చేయబడినది. సమాధానములీయబడును. ఎవరు జరుపుతారు, ఎవరు ఇస్తారు? చెప్పలేదు. స్వతంత్రంగా వ్యవహరించేవాడు కర్త అని పాణిని లక్షణం. ఆ లక్షణం పట్టే పదార్థం కోసం పత్రికంతా వెతికితే ఒక్కటే దొరికింది, ప్రాజెక్టరు. అది సహకరించలేదు. సహకరించడం, మానడం రెండూ దాని ఇష్టం. సంతసించుచున్నాము అన్నచోట మాత్రం కర్తలు బహువచనంలో ఉన్నారు. పని చేయడానికి ఎవరూ లేరుగాని సంతోషించడానికి అందరూ ఉన్నారని ధ్వని.

ప్రాజెక్టరు పక్షాన రెండు మాటలు. దాని వెనక నీలిరంగు వీజీఏ సాకెట్టు ఉంది, మూడు వరసల్లో పదిహేను రంధ్రాలు. 1987లో ఐబీఎం వాళ్లు తెచ్చిన పద్ధతి అది. వక్తగారు తెచ్చిన కొత్త లాప్‌టాపుకు ఆ సాకెట్టు లేదు, సన్నటి హెచ్‌డీఎంఐ ఉంది. రెంటినీ కలిపే చిన్న కన్వర్టరు అరచేతిలో పడుతుంది, ఏ కంప్యూటరు షాపులోనైనా కొన్ని వందలకు వస్తుంది. సంఘం బీరువాలో శాలువాలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. కన్వర్టరు లేదు. కోశాధికారిగారి వాదమేమిటంటే, శాలువా కార్యక్రమ వ్యయం, కన్వర్టరు పరికరాల కొనుగోలు. రెండోదానికి కార్యవర్గ తీర్మానం కావాలి. తీర్మానానికి కోరం కావాలి. కోరానికి ఉపాధ్యక్షులు రావాలి. వారు రథం దిగి కూర్చున్నారు.

ఆరోజు ఏం జరిగిందో చూసినవాళ్లం చెబుతున్నాం. కార్యదర్శిగారు, వక్తగారు, మైకు కుర్రాడు ప్రాజెక్టరు చుట్టూ మూగి ఒకే తీగను మూడు వైపులనుంచి గుచ్చుతున్నారు. ఆఖరి వరసలో ఇంటర్ చదివే పిల్లవాడొకడు, తాతగారిని దిగబెట్టడానికి వచ్చినవాడు, బ్యాగులోంచి ఏదో తీసి లేచి నిలబడ్డాడు. "అంకుల్, నా దగ్గర..." అన్నాడు. "ప్రశ్నలు చివర్లో బాబూ, కూర్చో" అన్నారు కార్యదర్శిగారు. కూర్చున్నాడు. వాడి చేతిలో ఉన్నది కన్వర్టరు.

"మౌఖికముగా": కంప్యూటరు ప్రదర్శన నోటితో ఎలా చేస్తారని శంకించేవాళ్లు మన శ్రుతి సంప్రదాయం తెలియనివాళ్లు. వేదమంతా నోటిమీదే నిలిచింది. ఒక్క స్వరం జారకుండా పదం, క్రమం, జట, ఘన అని మాటలను ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించే పద్ధతులు పెట్టారు. ఇవాళ సమాచారం పంపేటప్పుడు తప్పు దొర్లితే పట్టుకోవడానికి అదనపు బిట్లు జతచేస్తారు చూడండి, ఆ ఎత్తుగడే. వక్తగారు ఆరోజు ఎక్సెల్ గురించి, "ఇక్కడ ఒక గడి ఉందనుకోండి, దాని పక్కన ఇంకో గడి ఉందనుకోండి, మొదటి గడిలో నలభై ఉందనుకోండి" అంటూ పోయారు. ముందువరస పెద్దలు గాలిలో గడులు వెతుక్కున్నారు. అంతకన్నా ఘనపాఠం చెప్పిస్తే మేలయ్యేది. గడిని, నొక్కి, లాగు అనే మూడు మాటలకు ఘన ఇలా వస్తుంది: గడిని నొక్కి, నొక్కి గడిని, గడిని నొక్కి లాగు, లాగు నొక్కి గడిని, గడిని నొక్కి లాగు. తెర లేకపోయినా జన్మలో మరిచిపోరు.

గడులు అయిపోయాక వక్తగారు మన ప్రాచీన వైభవంలోకి దిగారు. ప్రాజెక్టరు సహకరించని ప్రతి సభలోనూ ఇది జరుగుతుంది. కంప్యూటరుకు సంస్కృతమే తగిన భాష అని నాసా తేల్చేసిందట. చప్పట్లు. ఒకట్లు సున్నాల లెక్కంతా పింగళుడు ఏనాడో చెప్పేశాడట. మళ్లీ చప్పట్లు. ఏం చెప్పాడు, ఎలా చెప్పాడు అన్నది లేదు. ఇది మాకు కడుపు మండే చోటు. పాఠకులు ఓపిక పట్టాలి.

మొదటిది తేలిక. 1985లో ఏఐ మ్యాగజైన్‌లో రిక్ బ్రిగ్స్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. ఆయన పనిచేసిన చోటు నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రం. మన వైయాకరణులు వాక్యాన్ని క్రియ చుట్టూ కారకాలుగా విప్పి చెప్పే తీరుకూ, కృత్రిమ మేధవాళ్లు అర్థాన్ని వలగా అల్లి చూపే తీరుకూ పోలిక ఉందని అందులో చూపాడు. మంచి వ్యాసం. నాసా తీర్మానం కాదు. ఆఫీసు చిరునామా చూసి తీర్పు అనుకున్నారు.

రెండోది పింగళుడి సంగతి. ఆ మహానుభావుడికి దండ వేసి ఊరుకోవడం అన్యాయం, ఆయన చేసింది దండకన్నా చాలా పెద్దది. ఛందశ్శాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో ప్రస్తారం చెప్పాడు. ప్రతి అక్షరం గురువో లఘువో అవుతుంది, మూడో దారి లేదు. కనుక ఒక అక్షరం పెరిగితే పాదం రకాలు రెట్టింపవుతాయి. అనుష్టుప్పు పాదానికి ఎనిమిది అక్షరాలు, అంటే 256 రకాలు. కంప్యూటరు బైటుకు ఎనిమిది బిట్లు, అంటే అవే 256. ఇరవై అక్షరాల ఛందస్సుకు కృతి అని పేరు. దానిలో 10,48,576 వృత్తాలు పుడతాయి. యంత్రాలవాళ్లు 1024ను 1024తో హెచ్చవేసి మెగాబైటుకు లెక్కగట్టే బైట్లు సరిగ్గా ఇన్నే. మన ఉత్పలమాల ఈ పది లక్షల పైచిలుకు వృత్తాల జాబితాలో 3,55,799వది. ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో చంపకమాల 7,11,600వది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుందని బడిలో చెప్పేవారు. నంబర్లు చూడండి, దాని రెట్టింపుకు రెండు కలిపితే ఇది. ఊరికే కుదరలేదు, ప్రస్తారంలో ఇమిడి ఉన్న లెక్కే అది.

ఇంకా అందమైనది నష్టం. పేరు విని భయపడొద్దు, సంఘం పద్దుల సంగతి కాదు. జాబితాలో నంబరు ఉంది, వృత్తం చెరిగిపోయింది, దాన్ని తిరిగి రాబట్టడం నష్టం. నంబరు సరిసంఖ్య అయితే లఘువు వేసి సగం చేయాలి. బేసి అయితే గురువు వేసి, ఒకటి కలిపి, సగం చేయాలి. 3,55,799 తీసుకోండి. బేసి, గురువు, ఒకటి కలిపి సగం చేస్తే 1,77,900. సరి, లఘువు, సగం 88,950. సరి, లఘువు, సగం 44,475. గురువు, లఘువు, లఘువు, భగణం వచ్చేసింది! సాగించండి. 44,475 బేసి, గురువు. 22,238 సరి, లఘువు. 11,119 బేసి, గురువు. రగణం. ఇక ఆపకుండా చేసుకుపోతే న, భ, భ, ర, వ అని ఉత్పలమాల మొత్తం ఒక్క అంకెలోంచి ఊడిపడుతుంది. కంప్యూటరు మన పదుల లెక్కను తన రెండ్ల లెక్కలోకి మార్చుకునేదీ ఇలా సగాలు చేసుకుంటూనే. అలాగని కూడికలు తీసివేతలు ఒకట్లు సున్నాలతో చేయడం పింగళుడు చెప్పలేదు. ఆ గణితాన్ని 1703లో లైబ్నిజ్ అచ్చువేశాడు. పింగళుడి గొప్పకు అబద్ధం అతికించనక్కర్లేదు, ఉన్నదే చాలా ఉంది.

కందం మాట చెప్పకుండా పోతే పాపం. కందానికి నాలుగు మాత్రల గణాలు. నాలుగు మాత్రలను గురులఘువులతో ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? అయిదు: గగ, భ, జ, స, నల. ఆ అయిదే కందం గణాలు, ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఒక మాత్రకు ఒకటి, రెంటికి రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి అయిదు, అయిదింటికి ఎనిమిది. ప్రతిదీ ముందు రెంటి మొత్తం. విరహాంకుడు, తరువాత హేమచంద్రుడు ఈ వరసను మాత్రల లెక్కలో చెప్పినవాళ్లు. 1202లో పుస్తకం రాసిన ఇటలీ ఫిబొనాచ్చి పేరుమీద లోకం దీన్ని పిలుస్తోంది. ప్రతి కందపద్యం ఈ వరస మీదే నడుస్తోంది. అప్పకవీయం తలగడ కింద పెట్టుకుని పడుకున్న తరానికి ఇదంతా వేళ్లమీద ఉండేది. ప్రాజెక్టరు కూడా అక్కర్లేదు, నల్లబల్ల, సుద్దముక్క చాలు. వక్తగారు ఆ ముప్పావుగంటలో ఈ ఒక్క సగాల లెక్క చేయించి ఉంటే ముందువరస పెద్దలు ఇంటికెళ్లి మనవలకు చేసి చూపించి ఉందురు.

ప్రకృతమనుసరామః.

"సైబరు నేరములపై అవగాహన సదస్సు దిగ్విజయము": దిక్కులను జయించడం దిగ్విజయం. ఏ దిక్కును జయించారో చూద్దాం. సదస్సులో ఓటీపీకి విగ్రహవాక్యం చెప్పారు, ఫిషింగుకు వ్యుత్పత్తి చెప్పారు, హాజరైనవాళ్లకు బంగారు అంచు ప్రశంసాపత్రాలు ఇచ్చారు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలని చెప్పలేదు. వీడియో కాల్‌లో పోలీసుననేవాడు ఎవరు కనబడ్డా, డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదని చెప్పలేదు. మా వీధిలో రిటైరైన పెద్దాయన ఒకరు ఆరోజు ముందువరసలోనే కూర్చుని పత్రం పుచ్చుకున్నారు. ఆ తరువాతి వారమే ఫోనులో ఖాకీ చొక్కా చూసి గది తలుపు వేసుకున్నారు. భార్య కాఫీ గ్లాసుతో తలుపు తోస్తే, మాట్లాడొద్దని చేత్తో సైగ చేశారు. సాయంత్రానికి ఫిక్సెడ్ డిపాజిట్ పోయింది. ఎవరికి చెప్పాలో తెలియక మూడోరోజు బ్యాంకుకు వెళ్లారు. మొదటి గంటల్లో చెబితే డబ్బు చేతులు మారకుండా ఆపే వీలుంటుంది, మూడోరోజు ఏం ఆపుతారు? ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు, ఇంకా ఉంది. ఇక్కడ అలంకారం లేదు. నాలుగంకెలు. ఈ నెల ఆహ్వానంలో బొటనవేలు పడిన మూల అవి పట్టేంత జాగా ఉంది.

"సమయానుకూలతను బట్టి సభ్యుల సందేహములకు సమాధానములీయబడును": మళ్లీ పడు. తెలుగులో ఈ కర్మణి ప్రయోగం పుస్తకాల్లోదే గాని నోటిలోది కాదు. అన్నం నాచేత తినబడింది అని ఆకలేసినవాడెవడూ అనడు. అయినా సంఘాలకు, ఆఫీసులకు ఇది ప్రాణం, ఎందుకంటే ఇందులో చేసేవాడు కనబడడు. చేయకపోతే అడగడానికీ ఎవరూ దొరకరు.

ఈ వాక్యానికి ఉదాహరణ మాకు తెలిసిన లెక్కల టీచరమ్మ. రిటైరై చాలాకాలమైంది. ప్రతి సమావేశానికీ చీరకొంగులో పెన్‌డ్రైవు ముడివేసుకుని వస్తారు. భర్త రాసిన శతకం అందులో ఉంది. పాతికేళ్ల కిందట డీటీపీలో కొట్టించి, అచ్చు వేయించేలోగా ఆయన పోయారు. కాగితాలు చెదలు తిన్నాయి. ఫైలు ఫ్లాపీలోంచి సీడీలోకి, సీడీలోంచి దీంట్లోకి వచ్చింది. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన కొమ్ములు, చుక్కలు, మధ్యమధ్య పౌను గుర్తులు. "ఇది పోయినట్టేనా, తిరిగొస్తుందా, ఆ ఒక్కమాట చెప్పండి చాలు" అంటారావిడ. "చూద్దామమ్మా, సమయం ఉంటే" అంటారు కార్యదర్శిగారు. సమయం ఉండదు.

సమాధానం ఎంత పొడుగుంటుందో చూడండి. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలుండే చోట తెలుగు బొమ్మలను కూర్చోబెట్టేవి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగులా కనబడుతుంది, లేని యంత్రం తనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరమే చూపిస్తుంది. యూనికోడ్ వచ్చాక తెలుగుకు సొంత ఇల్లు ఏర్పడింది. 0సీ00 మొదలు 0సీ7ఎఫ్ దాకా 128 గదులు, 1991లో వచ్చిన మొదటి కూర్పునుంచీ ఉన్నాయి. ఏ బొమ్మ ఏ గదికి వెళ్లాలో పట్టిక చూసి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. శతకం పోలేదు, అద్దెయింట్లో ఉంది, అంతే. ఒక్క శాలువా కప్పే వ్యవధిలో చెప్పే సంగతి.

పూర్వాచార్యుల మాట కూడా చూడాలి. ఇలాంటి సంఘాల పూర్వుల్లో పేరుపడినవాళ్లు అమెరికాలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ వాళ్లు. 1975 మార్చి 5న కాలిఫోర్నియా మెన్లోపార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో మొదటిసారి కూడారు. అక్కడికి వెళ్లినవాళ్లలో స్టీవ్ వాజ్నియాక్ ఒకడు. తరువాత ఆపిల్ మొదటి కంప్యూటరు పటాన్ని ఆ క్లబ్బులోనే ఊరికే పంచిపెట్టాడు. పది రోజులకే, మార్చి 15న, ఫ్రెడ్ మూర్ వార్తాపత్రిక మొదటి సంచిక తెచ్చాడు. లీ ఫెల్సెన్‌స్టైన్ సభలు నడిపే రోజుల్లో కార్యక్రమం రెండు ముక్కలు. మొదటి ముక్కలో ఎవరికి ఏం కావాలో, ఎవరి దగ్గర ఏముందో లేచి చెప్పాలి. రెండో ముక్కలో ఎవరికి కావలసినవాణ్ని వాళ్లు వెతికి పట్టుకోవాలి. సందేహాలు సమయానుకూలతను బట్టి కాదు, సందేహాలే సమయం. ఆ షెడ్డులో శాలువా కప్పినట్టు దాఖలా లేదు.

తాత్పర్యము

చివరి వాక్యానికి వ్యాఖ్య చేయకుండా తాత్పర్యానికి దూకడం సంప్రదాయ విరుద్ధం. కారణం కింద తెలుస్తుంది. వాక్యం దేన్ని ఉద్దేశించిందో తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. మొదటిది ఉపక్రమోపసంహారాల ఏకత. ఇక్కడ ఉపక్రమం జ్ఞానజ్యోతి, ఉపసంహారం అల్పాహారం, ఏకత లేదు. అభ్యాసం, అంటే మళ్లీ మళ్లీ చెప్పడం: మళ్లీ మళ్లీ వచ్చేది పడు ధాతువొక్కటే. అపూర్వత, ఇంకెక్కడా తెలియని సంగతి: కంప్యూటరును నోటితో ప్రదర్శించడం. ఫలం చెప్పలేదు. అర్థవాదం, అంటే స్తుతి, కావలసినంత. ఉపపత్తి, యుక్తి, ప్రాజెక్టరుతో పాటు సహకరించలేదు. ఇలా చూస్తే మూలంలో ఏ షరతూ లేకుండా, ఏ పడూ లేకుండా, ఏ సమయానుకూలతకూ లోబడకుండా నిలిచే వాక్యం ఒక్కటే మిగిలింది. కనుక సిద్ధాంతం అదే.

"అనంతరము అల్పాహార విందు కలదు": కలదు. ఎవరిచేతనో సమకూర్చబడినది కాదు, ఉన్నది. గుంటూరు కనుక మిరపకాయ బజ్జీ, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం, కాగితం కప్పులో టీ. ప్రాజెక్టరు సహకరించని ఆరోజు హాలు ఖాళీ చేయడానికి పావుగంట ఉంది. వేదిక దిగినవాళ్లు ఫొటోలకు వెళ్లిపోయారు, మైకు కట్టేశారు. అప్పుడు మొదలైంది సమావేశం. పెద్దాయన ఒకరు పింఛను కోసం ఇచ్చే జీవన్ ప్రమాణ్ ఫోనులో ముఖం చూపించి ఎలా ఇవ్వాలో ఇంకొకాయనకు బజ్జీ ప్లేటు పట్టుకునే చూపిస్తున్నారు. టీచరమ్మ కొంగుముడి విప్పారు. ఆఖరి వరస పిల్లవాడు మెట్లమీద లాప్‌టాపు తెరిచి, "ఇలా ఇవ్వండి మామ్మగారూ" అన్నాడు. నూనెచేతులు ప్యాంటుకు తుడుచుకుని ఏదో పేజీ తెరిచాడు, ఏదో అతికించాడు, మీట నొక్కాడు. కొమ్ములూ పౌనులూ పోయి తెలుగు నిండింది. కందాలు!

మేము కళ్లజోడు సవరించుకుని వంగాం. మొదటి పద్యం రెండో పాదం దగ్గర నడక కుంటింది. మూడో గణం జగణమో నలమో కావాలి, తెరమీద మూడు లఘువులే ఉన్నాయి. ఒక మాత్ర తక్కువ. మధ్య అక్షరం మీద సున్న ఉంటే అది గురువై జగణం కుదురుతుంది, అర్థమూ కుదురుతుంది. ఫాంటు మార్పులో సున్న రాలిపోయిందన్నమాట. పిల్లవాడికి చెప్పాం. సున్న పెట్టాడు. "ఎలా తెలిసింది సార్?" అన్నాడు. లెక్క చెప్పాం. "చెక్‌సమ్ అన్నమాట" అన్నాడు. అంతే నాయనా, అదే.

వాచ్‌మన్ తాళం గుత్తి ఆడిస్తున్నాడు. నాలుగో పాదంలో ఇంకో చిక్కు కనబడింది, యతి కుదరడం లేదు. ఇదీ యంత్రం మింగిన అక్షరమే అయి ఉంటుందని, ఏ అక్షరమైతే కుదురుతుందో వేళ్లమీద వెతుకుతున్నాం. టీచరమ్మ వెనకనుంచి తల వంచి చూశారు.

"అది యంత్రం తప్పు కాదండీ, ఆయనదే. అప్పుడే చెప్పాను, విన్లేదు."